గేరు బాక్సు మార్చే ముందు



బెంగళూరులో కారు విడిభాగాలంటే జె.సి. రోడ్డు, పాతవి కావాలంటే శివాజీనగర్ గుజిరీ అంగళ్లు. స్టీరింగు పక్కన గేరు రాడ్డున్న పాత అంబాసిడర్‌కు, 1990లలో ఇసుజు ఇంజనుతో వచ్చిన అంబాసిడర్‌లోని అయిదు గేర్ల బాక్సు బిగించాలని కొందరి ముచ్చట. రెండూ అంబాసిడర్లే, కాని ఇంజన్లు వేరు. బాక్సొక్కటి కొంటే సరిపోదు.

మొదట బెల్ హౌసింగు రంధ్రాలు మీ ఇంజనుకు కలవాలి. తర్వాత గేరు బాక్సు షాఫ్టు పళ్లు క్లచ్ ప్లేటులో బిగుసుకోకుండా జారాలి. షాఫ్టు కొస పైలట్ బేరింగులో సరిగ్గా కూర్చోవాలి. బాక్సు పొడవు మారితే ప్రొపెల్లర్ షాఫ్టును కొలతకు కోయించి, మళ్లీ బ్యాలెన్సు చేయించాలి. లేకుంటే వేగంలో బండి అదురుతుంది. బాక్సును మోసే మౌంటింగు, స్పీడోమీటరు కేబులు కూడా చూసుకోవాలి.

అందుకే అంగడికి వట్టి చేతులతో వెళ్లకండి. పాత క్లచ్ ప్లేటు, కొలతల కాగితం వెంట ఉంచుకోండి. బాక్సును చేత్తో తిప్పి ప్రతి గేరూ వేసి చూడండి. నూనెలో ఇనుప తునకలు కనిపిస్తే వదిలేయండి. అన్నీ కుదిరేదాకా పాత బాక్సు అమ్మవద్దు. బండి మీద బతికే ఇంట్లో అది షెడ్డులో పడి ఉన్న ప్రతి రోజూ నష్టమే కదా!