బడి లెక్క - తల్లిదండ్రుల హక్కు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య సదుపాయాల గురించి నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు చెప్పవలసినదంతా చెప్పారు. నాకు అప్పగించిన విషయం వేరు. ప్రభుత్వ బడి ఖర్చును, నిర్వహణను తల్లిదండ్రులు ప్రశ్నించవచ్చునా, ప్రశ్నిస్తే ఎలా ప్రశ్నించాలి అన్నది. మన మనవలు, మనవరాళ్ళు చాలామంది ప్రైవేటు బడుల్లోనే చదువుతున్నారు కదా, మనకెందుకీ గొడవ అని కొందరికి అనిపించవచ్చు. అయ్యా, మనలో అధిక సంఖ్యాకులం సర్కారు బడిలో పలక పట్టి చదువుకునే ఉద్యోగాల్లోకి వచ్చాం. ఆ రుణం ఇంకా తీరలేదు.

ముందుగా చట్టం ఏమంటున్నదో చూద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లోనే పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యం కోసం ఒక చట్టం చేశారు. ఆ తరువాత 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడికి యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో, సంరక్షకులో కావాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. బడి పనితీరును గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన గ్రాంట్లు ఎలా ఖర్చయ్యాయో చూడడం ఈ కమిటీ విధులు. సహాయం పొందని ప్రైవేటు బడులకు ఈ సెక్షన్ వర్తించదు. అక్కడి ఫీజుల పోరాటం వేరే కథ.

అంటే సర్కారు బడిలో లెక్క అడగడం ఎవరి దయా కాదు, చట్టం అప్పగించిన పని. కాని అప్పగించిన పని, జరిగిన పని ఒకటి కావని ఫైళ్ళు నడిపిన మనకు తెలియనిది కాదు. చాలా ఊళ్ళలో కూలికి పోయే తల్లి చేత తీర్మానాల పుస్తకంలో సంతకమో, వేలిముద్రో తీసుకుని పంపించేస్తారు. ఏమి రాశారో ఆమెకు చదివి వినిపించే నాథుడు ఉండడు.

డబ్బు చిన్నదేమీ కాదు. సమగ్ర శిక్ష పథకం కింద పిల్లల సంఖ్యను బట్టి ఏటా బడికి ఒక గ్రాంటు ఉంటుంది. 100 మందికి మించి 250 మంది వరకు ఉన్న బడికి 2018 నాటి నిబంధనల్లో 50 వేల రూపాయలుగా పెట్టారు. అందులో కనీసం పదో వంతు పారిశుధ్యానికే ఖర్చుచేయాలి. ఆపైన పెద్ద పథకాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో మొదలైన 'నాడు-నేడు' తొలి విడతలో 15,715 బడుల పనులను తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగా నడిపించారు. తెలంగాణలో 2022లో మొదలైన 'మన ఊరు - మన బడి'లోనూ కమిటీలకు పనులు అప్పగించారు. 2024లో అక్కడే స్వయం సహాయక సంఘాల మహిళలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడ్డాయి. ఏ ప్రభుత్వం మంచిది, ఏది చెడ్డది అన్న చర్చ ఈ వేదిక మీద వద్దు. నేను చెప్పదలచినది ఒక్కటే. ఖర్చుపెట్టే చేయి, తనిఖీ చేసే కన్ను ఒకరివే అయినప్పుడు, కమిటీ మీద కూడా మరొక కన్ను ఉండాలి. ఆ కన్ను మిగిలిన తల్లిదండ్రులది.

ఒక ఉదాహరణ మనవి చేస్తాను. ఊరి పేరు చెప్పను. కొన్నేళ్ళ క్రితం మా జిల్లాలో ఒక బడి గేటుకు తల్లిదండ్రులు తాళం వేశారు. 'హెడ్మాస్టరు డబ్బు తినేశాడు, బదిలీ చేయాలి' అని కేకలు. వారిలో ఒకతను మా పాత ఆఫీసు అటెండరు గారి అబ్బాయి. 'బాబాయి గారూ, ఒకసారి రండి' అని నన్ను తీసుకువెళ్ళాడు. ముందు తాళం తీయండి, పాఠాలు పోతున్నది మీ పిల్లలకే అన్నాను. తరువాత కమిటీ సభ్యుల చేత కాగితం మీద రాయించి, క్యాష్ బుక్కు, ఓచర్లు, స్టాక్ రిజిస్టరు చూపమని అడిగించాం. 'చూడడానికి మీరెవరు?' అన్నారు హెడ్మాస్టరు గారు. చట్టం ప్రతి బల్ల మీద పెట్టాక బీరువా తెరిచారు.

సున్నాలకు ఓచరు ఉంది. కరెంటు మరమ్మతుకు ఉంది. సుద్దముక్కల పెట్టెలకు కూడా ఉంది. నీళ్ళ ట్యాంకుకు మాత్రం ఓచరు ఉంది గాని స్టాక్ రిజిస్టరులో ఎంట్రీ లేదు, బడి మీద ట్యాంకూ లేదు. అది ఎక్కడుందంటే గదిలో అందరూ నేల చూపులు చూశారు. చివరికి కమిటీ చైర్మన్ గారి పశువుల కొట్టం మీద కనిపించింది. ఊళ్ళో పెద్ద మనిషి, పైగా ముందు వరసలో నిలబడి కేకలు వేసినవారు కూడా ఆయనే! హెడ్మాస్టరు గారు భయపడి సంతకం పెట్టారు. అది కూడా తప్పే. అలాంటి సంతకాలకు రికవరీలు పడ్డవారిని మనం సర్వీసులో ఎందరిని చూడలేదు? నాలుగు రోజుల్లో ట్యాంకు బడికి చేరింది. తరువాతి సమావేశంలో చైర్మన్ మారారు.

పుస్తకం తెరవకపోతే ఆ ఉపాధ్యాయుడికి దొంగ అన్న ముద్ర పడేది, ట్యాంకు కొట్టం మీదే ఉండేది. అందుకే కేకలు వేసే ముందు పుస్తకం చూడమంటాను.

లెక్క చూడడానికి పెద్ద చదువు అక్కరలేదు. మధ్యాహ్న భోజనమే తీసుకోండి. ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు ప్రమాణం. హాజరు 60 అని రాసి, బడిలో 42 మందే ఉన్నారనుకోండి. తేడా 18 మంది, అంటే రోజుకు కిలో ఎనిమిది వందల గ్రాముల బియ్యం. 200 పనిదినాలకు అది మూడు క్వింటాళ్ళ అరవై కిలోలు! ఏ తల్లి అయినా మధ్యాహ్నం వెళ్ళి తలలు లెక్కపెట్టగలదు.

లెక్క బయటపెట్టడం ఎంత పనిచేస్తుందో ఆఫ్రికాలోని ఉగాండా దేశంలో చూశారు. అక్కడ 1991-95 మధ్య బడులకు విడుదలైన తలసరి గ్రాంటులో సగటున నూటికి 13 వంతులే బడికి చేరినట్టు పరిశీలనలో తేలింది. ఆపైన ప్రభుత్వం ఎంత పంపిందో పత్రికల్లో ప్రకటించింది, బడి గోడ మీద అంటించమంది. 2001 నాటికి నూటికి 80 వంతులకు పైగా చేరింది. దానికి ప్రకటన ఒక్కటే కారణం కాదని వాదించిన పండితులు ఉన్నారు. అయినా గోడ మీద అంకె ఉంటే అడిగేవాడికి ధైర్యం వస్తుందన్నది కాదనలేం.

ఇక నాయకత్వం మాట. మన పిల్లలు కొందరు ఉంటున్న అమెరికాలో, షికాగో నగరంలో 1987లో ఉపాధ్యాయుల సమ్మె 19 రోజులు సాగింది. విసిగిన తల్లిదండ్రులు ఉద్యమించారు. 1988లో చట్టం వచ్చింది. బడికొక మండలి, అందులో ఆరుగురు తల్లిదండ్రులు. ప్రిన్సిపాలును ఎంపిక చేసే అధికారం, బడ్జెట్టును ఆమోదించే అధికారం ఆ మండలికే ఇచ్చారు. అయితే 1989 తొలి ఎన్నికల నాటి ఉత్సాహం తరువాత నిలవలేదు. అధికారం వచ్చినా, ఓపికగా కూర్చునే మనుషులు కావాలి కదా.

మన చట్టంలో హెడ్మాస్టరును మార్చే అధికారం కమిటీకి లేదు. ఫిర్యాదు ఉంటే తేదీలతో, వివరాలతో రాతపూర్వకంగా ఇవ్వాలి. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు ఇచ్చిన ఫిర్యాదును మూడు నెలల్లో పరిష్కరించాలి. కాగితాలు చూపకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది, 30 రోజుల గడువు ఉంది. ఒక్క మాట మాత్రం మరువకండి. పిల్లల ఎదుట ఉపాధ్యాయుణ్ణి అవమానిస్తే మరునాడు ఆయన చెప్పే పాఠానికి విలువ ఉండదు. లెక్క అడగడం పగ కాదు.

సోదరులారా, క్యాష్ బుక్కు చదవడం, ఓచరు సరిచూడడం, అర్జీ రాయడం మనకు వెన్నతో పెట్టిన విద్య. ఆ తల్లిదండ్రులకు లేనిది అదొక్కటే. కనుక నా ప్రతిపాదన ఇది. ప్రతి మండల శాఖ నుంచి ఇద్దరు సభ్యులు నెలకు ఒక పూట ఒక బడికి వెళ్ళి, కమిటీ తల్లులతో కూర్చుని, తీర్మానం చదివి వినిపించాలి, లెక్క ఎలా చూడాలో నేర్పాలి. కమిటీ కుర్చీ మనది కాదు, అందులో కూర్చోవద్దు. పార్టీల జోలికి పోవద్దు. ఏమి చూడాలో వాళ్ళకు చూపి, అడగడం వాళ్ళకే వదిలేయండి. దీనికి నిధులు అక్కరలేదు. కళ్ళజోడు, కలం చాలు.

 ఈ ప్రతిపాదనను తీర్మానంగా ఆమోదించవలసిందిగా అధ్యక్షుల వారిని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.