శస్త్రచికిత్స అనంతరం పరిశుద్ధత

సకల స్తోత్రాలూ సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా! పరిశుద్ధత విశ్వాసంలో సగభాగమన్న ప్రవక్త బోధ చిన్ననాటి నుండే మన మనసుల్లో నాటుకున్నది. కాని మోకాలికో తుంటికో ఆపరేషన్ చేయించుకొని హైదరాబాద్ నుండి మెదక్‌లోని తమ ఇంటికి చేరిన పెద్దలలో కొందరు తాము అశుద్ధులమని భావించి నమాజునే మానుకుంటారు. మరికొందరు కుట్లు తడిసినా లెక్కచేయక వుజూ చేస్తారు. ఈ రెండూ సరైన మార్గాలు కావు.

దైవప్రవక్త (సఅసం) కాలంలో ఒక ప్రయాణంలో ఒకరికి రాయి తగిలి తల పగిలింది. ఆ తర్వాత ఆయనకు గుసుల్ విధి అయింది. తయమ్ముమ్ చేయవచ్చునా అని తోటివారిని అడిగారు. నీరు ఉండగా అనుమతి లేదన్నారు వారు. ఆయన స్నానం చేసి మరణించారు. ఈ సంగతి విన్న దైవప్రవక్త (సఅసం) ఆ సలహా ఇచ్చినవారిపై ఆగ్రహించారు. తెలియనప్పుడు అడిగి తెలుసుకోవలసిందని మందలించారు. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఈ ఉదంతం అబూదావూద్ గ్రంథంలో ఉన్నది.

కనుక మంజీరా మన గడప ముందే పారుతున్నా సరే, నీరు గాయానికి హానికరమని వైద్యుడు చెబితే ఆ నీరు మనకు లేనట్టే. కట్టు ఉన్నచోట తడిచేతితో మసహ్ చేసి, తక్కిన అవయవాలను కడుక్కోవాలి. నీటి వాడకమే హానికరమైతే తయమ్ముమ్ చేసుకోవాలి. అన్‌నిసా, అల్‌మాయిదా సూరాలలో వ్యాధిగ్రస్తులకు ఈ అనుమతి ఉన్నది. ఒక పళ్ళెంలో శుభ్రమైన పొడిమట్టిని పడక పక్కనే ఉంచుకుంటే చాలు. మూత్రపు గొట్టం, సంచి అమర్చినవారు మాజూర్లు. వారు ప్రతి నమాజు వేళకూ వుజూ చేసుకొని ఆ స్థితిలోనే నమాజు చేయవచ్చు. నిలబడలేకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగి పడుకొని నమాజు చేయమని, మొలల వ్యాధితో బాధపడుతున్న హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు దైవప్రవక్త (సఅసం) సెలవిచ్చారు.

సోదరులారా! చెప్పడానికి సంకోచం కలిగించే మాట ఒకటున్నది. మరుగుదొడ్డికి వెళ్ళాలంటే మరొకరిని పిలవాలి కదా అని మన తల్లిదండ్రులు నీళ్ళు తాగడమే తగ్గించుకుంటారు. దానివల్ల మలబద్ధకం, మూత్ర సంబంధమైన బాధలు మొదలవుతాయి. వారు అడిగేదాకా మనం వేచి ఉండరాదు. నేలబారు మరుగుదొడ్డిపై కూర్చోలేనివారికి కమోడ్ కుర్చీ ఏర్పాటు చేయండి. లోటా చేతికందేలా ఉంచండి. స్నానం కుదరనప్పుడు గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన గుడ్డతో ఒళ్ళు తుడిచి, చర్మపు మడతలలో తడి లేకుండా ఆరబెట్టండి. సేవకు ముందూ తర్వాతా చేతులు సబ్బుతో కడుక్కోండి. భార్యాభర్తలు ఒకరికొకరు ఈ సేవ చేయడమే ఉత్తమం. ఆ వీలు లేనప్పుడు పురుషునికి పురుషుడు, స్త్రీకి స్త్రీ చేతికి తొడుగు వేసుకొని, దుప్పటి కప్పి, అవసరమైనంత మేరకే తొలగించి శుభ్రపరచాలి. ఇంట్లో పిల్లలు, చుట్టాలు చూస్తుండగా ఈ పని చేయకండి. రోగి సిగ్గును కాపాడటం కూడా సేవలో భాగమే.

వృద్ధాప్యానికి చేరిన తల్లిదండ్రుల ముందు విసుగు చూపరాదని, బాల్యంలో వారు మనల్ని పెంచిన తీరును తలచుకొని వారికోసం ప్రార్థించమని బనీ ఇస్రాయీల్ సూరా ఆదేశిస్తున్నది. మన మలమూత్రాలను అసహ్యించుకోకుండా ఎత్తిపోసిన చేతులు వారివే.

అల్లాహ్ మన రోగులకు స్వస్థతను, వారి సేవకులకు సహనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.