తెలియదనడం, నమ్మకపోవడం

ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినవారు, నాస్తికుడికీ అజ్ఞేయవాదికీ తేడా చెప్పమన్నారు. సిద్ధాంతాల జోలికి ముందే వెళ్లకుండా మిమ్మల్ని ఒక భోజనాల బల్ల దగ్గరికి తీసుకెళ్తాను.

1881 సెప్టెంబరు. ఇంగ్లండులో డౌన్ అనే పల్లె, చార్లెస్ డార్విన్ ఇల్లు. ఆయనకప్పుడు 72 ఏళ్లు. జర్మన్ నాస్తికుడు లుడ్విగ్ బ్యూక్నర్, ఎడ్వర్డ్ అవెలింగ్ అనే యువకుడు భోజనానికి వెళ్లారు. మాట మతం మీదికి మళ్లింది. మీరు నాస్తికులమని ఎందుకు చెప్పుకుంటారని డార్విన్ అడిగాడు. దేవుడు లేడని రుజువు చేశామని మేమనడం లేదు, ఉన్నాడనడానికి ఆధారం దొరకలేదు గనుక ఆయనతో నిమిత్తం లేకుండా బతుకుతున్నామన్నాడు అవెలింగ్. డార్విన్ ఒక్కో వాదాన్నీ ఒప్పుకుంటూనే వచ్చాడు. చివరికి మాత్రం, తనకు అజ్ఞేయవాది అన్న పేరే నచ్చుతుందన్నాడు. రెండూ ఒకటేనని అవెలింగ్ వాదన: ఒకటి పెద్దమనుషుల్లో చెల్లే పేరు, రెండోది కయ్యానికి కాలుదువ్వే పేరు. అంత దూకుడెందుకని డార్విన్ ఎదురడిగాడు. 1883లో, డార్విన్ పోయాక, అవెలింగ్ ఈ సంభాషణను చిన్న పుస్తకంగా వేశాడు. డార్విన్ కొడుకు ఫ్రాన్సిస్ దాన్ని కొట్టిపారేయలేదు. దూకుడు లేని వైఖరే తన తండ్రికి ఇష్టమని తర్వాత రాశాడు.

అవెలింగ్ చెప్పింది సగమే నిజమని నా అభిప్రాయం. ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి. దేవుడున్నాడో లేడో తేల్చడానికి మనకు ఆధారముందా? నువ్వు నమ్ముతున్నావా? అజ్ఞేయవాదం మొదటిదానికి జవాబు, నాస్తికత్వం రెండోదానికి. ఒకే మనిషి "తెలియదు, అందుకే నమ్మను" అనవచ్చు. "తెలియదు, అయినా దణ్ణం పెడతాను" అనేవాళ్లు మన ఇళ్లలోనే బోలెడుమంది.

కాబట్టి అజ్ఞేయవాదిని గోడమీద పిల్లి అనడం అన్యాయం. 1869లో ఆ పేరు పెట్టిన థామస్ హక్స్‌లీ సంగతే చూడండి. 1860లో ఆయన పెద్దకొడుకు నోయెల్ నాలుగేళ్లయినా నిండకుండా స్కార్లెట్ జ్వరంతో పోయాడు. స్నేహితుడైన మతాచార్యుడు చార్లెస్ కింగ్‌స్లీ ఓదారుస్తూ రాశాడు. హక్స్‌లీ జవాబు చాలా పెద్ద ఉత్తరం. ఆత్మ అమరత్వాన్ని కాదననూ లేదు, ఔననూ లేదు. ఆశ ఉన్నంత మాత్రాన నమ్మలేనన్నాడు. కడుపుకోతలో ఉండి ఆ మాట రాయడానికి ఎంత గుండె కావాలో!

అయితే లోకం అందర్నీ మొదటి ప్రశ్న దగ్గరే ఉండనివ్వదు. చార్లెస్ బ్రాడ్‌లా 1880లో నార్తాంప్టన్ నుంచి బ్రిటిష్ పార్లమెంటుకు గెలిచాడు. నాస్తికుడు గనుక దేవుడి పేరెత్తకుండా మాట ఇస్తానన్నాడు, సభ ఒప్పుకోలేదు. పోనీ ప్రమాణమే చేస్తానన్నా ఒప్పుకోలేదు. ఒక రాత్రి గడియారపు బురుజులో నిర్బంధించారు కూడా. నార్తాంప్టన్ ఓటర్లు మళ్లీ మళ్లీ ఆయన్నే గెలిపించారు. 1886లో గానీ సభలో ఆయన స్థానం ఖాయం కాలేదు. దేవుడి పేరెత్తకుండా మాట ఇవ్వనిచ్చే ప్రమాణాల చట్టం 1888లో ఆయన చొరవతోనే వచ్చింది. మరుసటి ఏడు బొంబాయి కాంగ్రెస్ సభకు వచ్చినదీ ఆయనే.

మన తెలుగు నాస్తికుడు గోరాకు మొదటి ప్రశ్న మీద పెద్ద ఆసక్తి లేదు. అంటరానితనం పోవాలంటే మనిషి తన తలరాతకు తానే బాధ్యుడనుకోవాలన్నది ఆయన పట్టు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. గాంధీతో ఏళ్ల తరబడి వాదించాడు. కూతురు మనోరమకు దళిత యువకుడితో సేవాగ్రామంలో పెళ్లి జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నాడు, తంతులో దేవుడి స్థానంలో సత్యాన్ని ఉంచడానికి కూడా. 1948 మార్చిలో ఆ పెళ్లి జరిగేనాటికి గాంధీ లేడు.

బ్రాడ్‌లాను అడ్డుకున్న ఆ ప్రమాణం సంగతికే మళ్లీ వస్తే, మన రాజ్యాంగం మూడో షెడ్యూలులో ప్రమాణానికి రెండు దారులున్నాయి: దైవసాక్షిగా, లేదా ఆ మాట లేకుండా. మూడోది లేదు. ఎన్నికైన అజ్ఞేయవాది కూడా ఆ రోజు రెంటిలో ఒకటి చదివి సంతకం పెట్టాల్సిందే.