షాంపేన్‌లో ఆఫర్ వచ్చింది, వెళ్లాలా? మొక్కజొన్న చేల మధ్య కాలేజీ ఊర్లో ఉద్యోగం, జీవితం

 

ఈ ఎపిసోడ్‌కి కారణం ఒక మెసేజ్. అమెరికాలో ఎంఎస్ చివరి సెమిస్టర్‌లో ఉన్న ఒక చెల్లి పంపింది. "అన్నా, నా ముందు రెండు దారులున్నాయి. డాలస్‌లో ఫ్రెండ్స్ ఉన్నారు, అక్కడికెళ్లి ఉద్యోగం వెతుక్కోవచ్చు. లేదంటే ఇల్లినాయ్‌లో షాంపేన్ అనే ఊర్లో ఆఫర్ చేతిలో ఉంది. మ్యాప్‌లో చూస్తే చుట్టూ పొలాలే కనిపిస్తున్నాయి. అక్కడికెళ్తే నా కెరీర్ ఆగిపోతుందా?" అని.

ఈ ఊరి గురించి నేను కొంచెం మాట్లాడగలను. బీటెక్ అయ్యాక నేను పనిచేసిన ఐటీ కంపెనీ ఒక క్లయింట్ ప్రాజెక్టు కోసం నన్ను అక్కడికే పంపింది. పద్నాలుగు నెలలున్నాను. "నాన్నా, షాంపేన్‌కి వెళ్తున్నా" అని ఫోన్‌లో చెప్తే మా నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా "ఉద్యోగానికేనా?" అన్నారు. ఆ మందు పేరు, ఈ ఊరి పేరు పలకడంలో ఒకటే మరి.

సరే, ముందు ఊరేంటో చూద్దాం. షాంపేన్, అర్బానా అని పక్కపక్కనే రెండు ఊళ్లు. ఒక వీధి దాటితే ఊరు మారిపోతుంది, మనకి తెలియను కూడా తెలియదు. 2020 జనాభా లెక్కల ప్రకారం షాంపేన్‌లో 88 వేల మంది, అర్బానాలో 38 వేల మంది. అంటే రెండూ కలిపినా మన తెనాలి అంత ఉండదు. ఆ ఊరి మధ్యలో యూనివర్సిటీ ఆఫ్ ఇల్లినాయ్, అందులో 50 వేలకు పైగా స్టూడెంట్స్. షికాగో నుంచి దక్షిణంగా సుమారు 220 కిలోమీటర్లు. షికాగో దాటి ఇంటర్‌స్టేట్ 57 ఎక్కారంటే అటు మొక్కజొన్న, ఇటు సోయాబీన్. కొండ లేదు, గుట్ట లేదు. నేల మొత్తం చపాతీ పీటలా ఉంటుంది.

ఈ పొలాల మధ్యలో ఇంత పెద్ద యూనివర్సిటీ ఎందుకుంది? ఇది తెలిస్తే అక్కడ ఉద్యోగాలు ఎలాంటివో కూడా అర్థమవుతుంది, కాబట్టి రెండు నిమిషాలు ఓపిక పట్టండి. 1862లో లింకన్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. మారిల్ చట్టం అంటారు. కేంద్రం రాష్ట్రాలకి భూములిస్తుంది, ఆ డబ్బుతో వ్యవసాయం, ఇంజనీరింగ్ నేర్పే కాలేజీలు పెట్టాలి. అలా వచ్చిందే ఈ యూనివర్సిటీ, 1867లో. క్యాంపస్ మధ్యలో మారో ప్లాట్స్ అని చిన్న మొక్కజొన్న మడులున్నాయి. 1876 నుంచి వాటిలో ప్రయోగాలు జరుగుతూనే ఉన్నాయి. పక్కన లైబ్రరీ కట్టాల్సి వచ్చినప్పుడు, భవనం నీడ పంట మీద పడుతుందని లైబ్రరీని భూమి లోపల కట్టారు. జోక్ కాదు, నేను దాని మెట్లు దిగాను.

అదే క్యాంపస్‌లో 1993లో మొజాయిక్ బ్రౌజర్ తయారైంది. ఈరోజు మనం ఫోన్‌లో బొమ్మలు, అక్షరాలు ఒకే పేజీలో చూస్తున్నామంటే, ఆ పద్ధతిని మామూలు జనం దాకా తీసుకెళ్లింది అదే. అంటే ఆ ఊర్లో వ్యవసాయం, కంప్యూటర్ రెండూ ఒకే ఇంట్లో పెరిగిన అన్నదమ్ములు.

మనకి కూడా దీంతో చుట్టరికం ఉంది. 1964లో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు ఈ అమెరికన్ నమూనానే తీసుకున్నారు. సాయం చేసింది కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ. అది ఉన్నది కూడా ఒక చిన్న కాలేజీ ఊర్లోనే.

ఇప్పుడు ఉద్యోగాల సంగతికి వద్దాం. ఆ ఊర్లో సాఫ్ట్‌వేర్ వాళ్లకి పని ప్రధానంగా మూడు చోట్ల. ఒకటి యూనివర్సిటీయే. ల్యాబ్‌లు, సూపర్ కంప్యూటింగ్ సెంటర్, ఐటీ విభాగాలు. రెండు, పెద్ద హాస్పిటల్, ఇంకొన్ని లోకల్ కంపెనీలు. మూడు, క్యాంపస్ దక్షిణం వైపున్న రీసెర్చ్ పార్క్. అక్కడ వందకు పైగా కంపెనీలున్నాయి. జాన్ డీర్, ఏడీఎమ్, క్యాటర్‌పిల్లర్, సింజెంటా లాంటివి. పేర్లు గమనించారా? ట్రాక్టర్లు, ధాన్యం, యంత్రాలు, విత్తనాలు. మీరు రాసే కోడ్ ఎక్కడో ఒక దగ్గర పొలంలో తేలుతుంది.

దీని మీద ఒక చిన్న విషయం చెప్పాలి. నా రూమ్మేట్‌ది జగిత్యాల వైపు. ఇంట్లో మక్క, పసుపు వేస్తారు. రెజ్యూమెలో ఆ ముక్క ఎక్కడా ఉండదు కదా, ఎవరు రాస్తారు? ఒక టీమ్‌లో డేటా పని చేసేవాడు. కోత యంత్రం పొలంలో తిరుగుతుంటే ఎక్కడ ఎంత దిగుబడి వచ్చిందో సెన్సర్ నమోదు చేస్తుంది, దాన్ని మ్యాప్‌గా వేస్తారు. ఆ మ్యాపుల్లో చేను అంచుల దగ్గర లెక్కలు విచిత్రంగా వస్తున్నాయి. ఒకచోట సున్నా, పక్కనే విపరీతమైన అంకె. టీమ్ మొత్తం కోడ్‌లో బగ్ కోసం వెతుకుతోంది. మనవాడు చూసి, "బగ్ కాదు, అక్కడ బండి మలుపు తిరుగుతుంది. వేగం తగ్గుతుంది, ముందర పైరు ఉండదు, లోపలున్న గింజ మాత్రం ఇంకా పడుతూ ఉంటుంది" అన్నాడు. వాళ్ల ఊర్లో హార్వెస్టర్ వచ్చినప్పుడు గట్టు మీద నిలబడి చూసినవాడే కదా. తర్వాత మీటింగుల్లో వాడిని పిలిచి మరీ కూర్చోబెట్టుకున్నారు.

వాళ్ల పొలాలకి, మన పొలాలకి పోలిక లేదు, నిజమే. ఇల్లినాయ్‌లో ఎకరాకి సగటున 200 బుషెల్స్ పైనే పండుతుంది, అంటే సుమారు 50 క్వింటాళ్లు. ఒక్కో కుటుంబం వందల ఎకరాలు సాగు చేస్తుంది. కానీ "మా నాన్న రైతు" అని చెప్పడానికి మన క్యాంపస్ ఇంటర్వ్యూలో వెనకాడే పిల్లోడు, అక్కడ అదే మాట చెప్తే ఎదుటివాడు కుర్చీ ముందుకి జరుపుకుని "ఏం వేస్తారు? నీళ్లెలా?" అని అడుగుతాడు. నాకు ఆ ఊర్లో బాగా నచ్చింది ఇదే.

ఇక రోజువారీ బతుకు. మొదటి లాభం టైమ్. నా రూమ్ నుంచి ఆఫీసుకి బస్సులో పదిహేను నిమిషాలు. హైదరాబాద్‌లో నేను మియాపూర్ నుంచి గచ్చిబౌలి వచ్చేసరికే సగం ప్రాణం పోయేది. అక్కడ సాయంత్రం అయిదున్నరకి ఇంట్లో ఉండేవాణ్ణి. అద్దె కూడా పెద్ద సిటీలతో పోలిస్తే బాగా తక్కువ. సిటీ బస్సులు ఆ సైజు ఊరికి చాలా బాగుంటాయి. కానీ క్యాంపస్‌కి దూరంగా ఉంటే కారు లేకుండా కష్టం.

అద్దె విషయంలో మాత్రం జాగ్రత్త. అక్కడ క్యాలెండర్ జనవరిలో మొదలవదు, ఆగస్టులో మొదలవుతుంది. క్యాంపస్ దగ్గర లీజులన్నీ ఆగస్టు నుంచి ఆగస్టు. వచ్చే ఏడాది ఇంటికి చాలామంది ముందు ఏడాదే సంతకం పెట్టేస్తారు. పాత లీజు అయిపోయి, కొత్తది ఇంకా మొదలుకాని కొన్ని రోజులుంటాయి. ఆ రోజుల్లో సామాను ఎక్కడ పెట్టాలో తెలియక కార్లలో వేసుకుని తిరిగేవాళ్లని చూశాను. మధ్యలో ఖాళీ చేస్తే మిగిలిన నెలల అద్దె మీ మీదే ఉంటుంది. సంతకానికి ముందు ప్రతి లైనూ చదవండి.

చలి సంగతి. ఉష్ణోగ్రత మైనస్ ఇరవైకి పోయే రోజులుంటాయి. అసలు బాధ గాలి. అడ్డు లేదు కదా, చేల మీదుగా నేరుగా ముఖానికి కొడుతుంది. ఇంకోటి, ప్రతి నెలా మొదటి మంగళవారం ఉదయం పదింటికి ఊరంతా సైరన్ మోగుతుంది. టోర్నడో సైరన్ పనిచేస్తుందో లేదో టెస్ట్ చేస్తారు. కొత్తగా వచ్చినవాళ్లు భయపడిపోతారు. మంగళవారం పదింటికైతే భయం వద్దు. వేరే టైమ్‌లో మోగితే మాత్రం వీడియో తీయకుండా కింది అంతస్తుకి దిగండి.

తిండికి ఇబ్బంది లేదు. పప్పు, ఉప్పు, కరివేపాకు దొరుకుతాయి. గోంగూర పచ్చడి మీద మరీ ప్రేమ ఎక్కువైతే షికాగో శివార్లకి వెళ్లాలి. మావాళ్లు రెండు నెలలకోసారి కారు మాట్లాడుకుని అరోరాలో బాలాజీ గుడికి వెళ్లి, అటునుంచి సరుకులు వేసుకుని వచ్చేవాళ్లు.

ఇంతవరకు బాగుంది. ఇప్పుడు ఎవరూ చెప్పని విషయం. అది మే నెల.

మే మధ్యలో కోర్సులు అయిపోతాయి. రెండు వారాల్లో ఊరు సగం ఖాళీ. నిన్నటిదాకా క్రికెట్ ఆడినవాడు సియాటిల్, కలిసి వండుకున్నవాడు న్యూజెర్సీ. వీధుల పక్కన మంచాలు, టేబుళ్లు, రైస్ కుక్కర్లు వదిలేసి వెళ్తారు. మనకి ఫ్రీగా సోఫా దొరుకుతుంది, కూర్చోవడానికి పక్కన మనిషి ఉండడు. స్టూడెంట్‌గా ఉంటే మీరూ వాళ్లతో పాటే వెళ్లిపోతారు. ఉద్యోగానికి వెళ్తే మాత్రం ప్రతి మే నెలా వీడ్కోలు చెప్పే మనిషిగా మీరు మిగులుతారు. ఆగస్టులో మళ్లీ కొత్త పిల్లలు వస్తారు. వాళ్లకి ఎప్పుడూ ఇరవై రెండే, మీకు ఏటా ఒకటి పెరుగుతుంది.

కాబట్టి స్టూడెంట్స్‌తో మాత్రమే స్నేహం చేయకండి. అక్కడే స్థిరపడిన కుటుంబాలు, ఆఫీసు వాళ్లు, లైబ్రరీ, షటిల్ ఆడే బ్యాచ్, ఏదో ఒకటి పట్టుకోండి. నన్ను ఆదుకుంది ఆదివారం షటిల్.

అన్నిటికంటే పెద్ద విషయం ఉద్యోగ భద్రత. డాలస్‌లో ఒక కంపెనీ తీసేస్తే అదే ఇంట్లో ఉంటూ ఇంకో కంపెనీకి ఇంటర్వ్యూ ఇవ్వచ్చు. షాంపేన్‌లో మీ పనికి సరిపోయే రెండో కంపెనీ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మా ప్రాజెక్టుకి క్లయింట్ ఒక డిసెంబర్‌లో బడ్జెట్ ఆపేశాడు. నన్ను ఇండియాకి తిరిగి పిలిచారు, అంతే. కానీ మా టీమ్‌లో ఒక అక్క హెచ్-1బి మీద ఉంది. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులు. చేతిలో ఏడాది పిల్లాడు, లీజు ఇంకా ఎనిమిది నెలలుంది, ఆ చలికాలంలో ఇల్లు సబ్‌లీజుకి తీసుకునేవాడు లేడు. ఆవిడకి షికాగో దగ్గర ఉద్యోగం దొరికింది, కానీ చాలా నెలలు రెండు అద్దెలు కట్టింది. ఊరు చెడ్డది కాదు, ఊర్లో రెండో తలుపు లేదు. అదీ సమస్య.

ఓపీటీలో ఉన్నవాళ్లకి లెక్క వేరు. మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులు, స్టెమ్ పొడిగింపు వస్తే అన్నీ కలిపి 150. డాలస్ వెళ్లి వెతుక్కుందాం అనుకునేవాళ్లు గుర్తుపెట్టుకోండి, ఆ గడియారం అక్కడ కూడా తిరుగుతుంది.

ఇంకో పాయింట్. యూనివర్సిటీలో నేరుగా ఉద్యోగం వస్తే హెచ్-1బికి లాటరీ అవసరం లేదు. ఏటా 85 వేల పరిమితి వాళ్లకి వర్తించదు. ఇది చాలా పెద్ద సౌకర్యం. కానీ అక్కడి నుంచి మామూలు కంపెనీకి మారాలంటే, అంతకుముందు లాటరీలో ఎంపిక కానివాళ్లు మళ్లీ లాటరీ గుమ్మం ఎక్కాల్సిందే. ఆఫర్ ఇచ్చింది యూనివర్సిటీయా, రీసెర్చ్ పార్క్‌లో ఉన్న ప్రైవేటు కంపెనీయా, కాగితం మీద చూసుకోండి. అడ్రస్ క్యాంపస్‌లో ఉన్నంత మాత్రాన కంపెనీ యూనివర్సిటీ అయిపోదు. వీసా రూల్స్ మారుతుంటాయి కాబట్టి మీ కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగాకే నిర్ణయం తీసుకోండి, నా వీడియో చూసి కాదు.

పెళ్లయినవాళ్లు ఒక ఉద్యోగం గురించి కాదు, రెండు ఉద్యోగాల గురించి ఆలోచించాలి. ఒకరికి మంచి పని దొరికి, ఇంకొకరు ఇంట్లో కిటికీ లోంచి మంచు చూస్తూ కూర్చుంటే ఆ సంసారం ఆ ఊర్లో ఎక్కువ కాలం నిలవదు.

సరే చెల్లీ, నీ ప్రశ్నకి నా జవాబు. వెళ్లు. చేతిలో ఉన్న ఉద్యోగాన్ని వదిలి, చేతిలో లేని దాని కోసం డాలస్‌లో గడియారం చూస్తూ కూర్చోవద్దు. కానీ మూడు పనులు చెయ్యి. ఒకటి, నాలుగు నెలల ఖర్చు పక్కన పెట్టేదాకా కొత్త కారు కొనకు. రెండు, మిగిలే సాయంత్రాలని నీ తర్వాతి ఉద్యోగానికి పెట్టుబడిగా వాడు. ఈ ఊరు జీతంతో పాటు రోజుకి రెండు గంటలు ఇస్తుంది, వాటిని రీల్స్‌కి ఇచ్చేస్తే అక్కడికి వెళ్లిన లాభం సగం పోయినట్టే. మూడు, ఏడాదిన్నర అయ్యాక నిన్ను నువ్వు అడుగు: ఇక్కడ నేను నేర్చుకుంటున్న పని ఇంకో ఊర్లో చెల్లుతుందా? చెల్లితే హాయిగా ఉండు. చెల్లకపోతే ఎవరూ వెళ్లమనకముందే వెతకడం మొదలుపెట్టు.

కెరీర్ ఆగిపోతుందా అని అడిగావు. పొలాల వల్ల ఏ కెరీరూ ఆగదు. మన ఇళ్లల్లో చాలామంది ఫీజులు కట్టింది ఆ పొలాలే కదా.

మీలో ఎవరైనా ఇలాంటి చిన్న కాలేజీ ఊర్లో, ఇండియాలో అయినా, బయట అయినా పనిచేస్తుంటే ఊరి పేరు, అక్కడ మీకు బాగా ఉపయోగపడిన ఒక్క విషయం కామెంట్‌లో రాయండి. కొత్తగా వెళ్లేవాళ్లకి పనికొస్తుంది. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.