మసూలా: ఊరి పేరా, కుట్టు పేరా?

హైదరాబాదు నారాయణగూడ నుంచి మాట్లాడుతున్నాను. నన్ను మాట్లాడమన్న విషయం ఇంగ్లీషులో చేరిన తెలుగు మాటలు. అయితే ఇందాక చర్చలో ఒక మిత్రులు, ‘మసూలా బోట్’ అనే మాట మన మచిలీపట్నం ఇంగ్లీషు నావికులకిచ్చిన కానుక అన్నారు. చాలామంది ఔనన్నారు. కొంతకాలంగా నేను దాని గురించే ఆలోచిస్తున్నాను కాబట్టి మిగతావి పక్కన పెడతాను. నా ఉద్దేశంలో ఆ పేరు మచిలీపట్నం నుంచి రాలేదు, పడవను కట్టే తీరు నుంచి వచ్చింది.

ముందు పడవ సంగతి. కోరమాండల్ తీరంలో ఓడలు లోతు నీళ్లలో దూరంగా ఆగిపోయేవి. అక్కణ్ణుంచి కెరటాలు దాటించి మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకు చేర్చింది ఈ పెద్ద పడవ. దీనికి మేకుల్లేవు, పలకల వెనక ఆనుగా నిలిపే బద్దల్లేవు. పలకల అంచుల్లో వరసగా బెజ్జాలు వేసి, అతుకుల్లో కొబ్బరిపీచు కూరి, కొబ్బరితాడుతో బిగించి కుట్టేవారు. కెరటం కొడితే మేకులు దిగ్గొట్టిన పడవ పగులుతుంది. ఇది ఆ దెబ్బకు వంగి మళ్లీ తేరుకుంటుంది. 1861లో పియర్ కట్టేదాకా మద్రాసులో ఎంతటి దొరయినా ఇలాంటి పడవెక్కి దిగాల్సిందే. 1673లో జాన్ ఫ్రయర్ అనే ఇంగ్లీషు వైద్యుడు దీన్ని ఎక్కాడు. పదిమంది తెడ్లు వేస్తారనీ, వెనకున్న ఇద్దరు చుక్కానికి బదులు తెడ్లతోనే దారి మళ్లిస్తారనీ, పలకలు కొబ్బరితాడుతో కుట్టి ఉంటాయనీ ఓపిగ్గా రాశాడు. దాని పేరు మసూలా అని కూడా ఆయనే చెప్పాడు.

మచిలీపట్నం వాదానికి బలం లేకపోలేదు. ఇంగ్లీషువాళ్లు అక్కడ దిగింది 1611లో, మద్రాసులో స్థిరపడింది 1639లో. ముందు చూసిన రేవు పేరు పడవకు పెట్టి, మద్రాసుకు పట్టుకెళ్లి ఉంటారనుకోవచ్చు. ఈ వాదం నిలవకపోవడానికి కారణం వెనిస్ వర్తకుడు చేసరే ఫెదెరీచి. ఇంగ్లీషు ఓడ ఈ తీరానికి రాకముందే, 1560ల్లో, ఆయన మైలాపూరు పక్కనున్న శాంతోమ్ రేవుకు వచ్చాడు. పల్చటి పలకల్ని సన్నని తాళ్లతో కుట్టిన ఎత్తైన పడవల్ని చూసి, అక్కడివాళ్లు వాటిని ‘మసూది’ అంటారని రాశాడు. ఇంగ్లీషువాళ్లు రాకముందే ఉన్న పేరును ఇంగ్లీషువాళ్లు పెట్టారనడం ఎలా? 1886లో యూల్, బర్నెల్ తమ హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ఈ సాక్ష్యం చూపి, అరబ్బీలో ‘మసద్’ అంటే తాటిజాతి చెట్ల నార, ఆ నారతో పేనిన తాడు అని గుర్తుచేశారు. ‘మౌసూల్’ అంటే అతికినది అని ఇంకో దారీ చూపారు. చేప అనే అర్థమున్న మరాఠీ మాటనూ, మచిలీపట్నాన్నీ కూడా ప్రస్తావించి, ఏదీ తేల్చకుండా వదిలేశారు. నేను తాడు వైపు, అతుకు వైపు మొగ్గుతున్నాను.

మన తీరపు పడవకు అరబ్బీ పేరేమిటని అడగొచ్చు. మచిలీపట్నాన్ని మనం ఏమని పిలుస్తాం? బందరు. అది రేవు అనే అర్థమున్న పారశీక మాట. లంగరు, సరంగు కూడా అక్కణ్ణుంచి వచ్చినవే. గోల్కొండ సుల్తానుల ఓడలు ఆ రేవు నుంచే ఎర్రసముద్రానికీ పారశీక తీరానికీ వెళ్లాయి. హైదరాబాదులో ఉండి ఆ సంగతి మరిచిపోవడం తగదు. ఇంకో అభ్యంతరం ఉంది. అరబ్బుల ఓడలూ కుట్టినవే కదా, వాళ్లకు కుట్టు వింతేమిటని. వింతై పెట్టిన పేరు కాదు. అదే ఇసకలో పక్కనే దుంగలు కట్టిన తెప్ప ఉంటుంది. దాని తమిళ పేరు కట్టుమరం, అంటే కట్టిన మాను. ఇంగ్లీషు ‘కాటమరాన్’ అందులోంచే వచ్చింది. ఒకదాన్ని కట్టుతో గుర్తుపట్టినవాళ్లు రెండోదాన్ని కుట్టుతో గుర్తుపట్టడం సహజమే. ఇక ‘ది’ అన్నది ‘లా’ ఎలా అయిందన్నది గట్టి ప్రశ్నే. ఫెదెరీచి రాతలో అచ్చుతప్పు ఉండొచ్చని యూలే అనుమానించాడు. అక్షరం తప్పయినా, శాంతోమ్‌లో కుట్టుపడవకు ఇంచుమించు ఇదే పేరుందన్న సాక్ష్యం చెడదు. మచిలీపట్నంతో అలవాటైన ఇంగ్లీషు నోటికి అది ‘మసూలా’గా స్థిరపడి ఉంటుందని నా ఊహ. ఇది ఊహేనని ఒప్పుకుంటున్నాను.

ఊరి పేరు పోయిందని బాధపడేవాళ్లకు ఒక మాట. ఈ పేరులో ఊరు లేకపోయినా, తాడు బిగించిన మత్స్యకారుల పని ఉంది. నాకు అదే ఎక్కువ విలువైనది. ఈ సమావేశంలో నెదర్లాండ్స్ నుంచి ఎవరైనా ఉంటే వారికో విన్నపం. మచిలీపట్నంలో ఇంగ్లీషువాళ్లకంటే ముందే కొలువుదీరిన డచ్చి కంపెనీ కాగితాలు హేగ్‌లో ఉన్నాయి. వాటిలో ఈ పడవను ఏమని రాశారో చూసి చెప్పండి. ఆ కాగితాలు ఫెదెరీచి తర్వాతివే అనుకోండి. ఆయనకు ముందు నాటి రాతల్లో ఎక్కడైనా దీన్ని మచిలీపట్నం పేరుతో పిలిచిన ఒక్క వాక్యం కనిపించినా నా వాదం వెనక్కి తీసుకుంటాను.