పోయిన నగ, వెదికే చేయి

 



దైవప్రవక్త (స) ఒకసారి తమ సహచరులతో ప్రయాణంలో ఉన్నారు. బైదా అనే చోటికో, జాతుల్ జైష్ అనే చోటికో చేరుకున్నప్పుడు విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) మెడలోని హారం తెగి పడిపోయింది. అది ఆమె సొంత నగ కూడా కాదు, అక్క హజ్రత్ అస్మా (రజి) వద్ద అడిగి తెచ్చుకున్నదని ఒక ఉల్లేఖనం తెలుపుతున్నది. దైవప్రవక్త (స) ప్రయాణాన్ని అక్కడే నిలిపివేశారు. అందరూ ఆగిపోయారు. అక్కడ నీటిచుక్క లేదు, జనం తిత్తులలోనూ నీరు లేదు. కొందరు హజ్రత్ అబూబక్ర్ (రజి) వద్దకు వెళ్ళి, మీ అమ్మాయి ఏం చేసిందో చూశారా అని మొరపెట్టుకున్నారు. ఆయన వచ్చి కుమార్తెను గట్టిగా మందలించారు, పక్కలో చేతితో పొడిచారు కూడా. దైవప్రవక్త (స) ఆమె తొడపై తల ఉంచి నిద్రిస్తున్నందువల్ల ఆమె కదలలేదు. తెల్లవారింది. వుజూకు నీరు లేదు. అప్పుడే తయమ్ముమ్ ఆదేశం అవతరించింది. అబూబక్ర్ కుటుంబం వల్ల ముస్లిములకు కలిగిన శుభాలలో ఇది మొదటిది కాదని హజ్రత్ ఉసైద్ బిన్ హుజైర్ (రజి) సంతోషించారు. బయలుదేరుదామని ఒంటెను లేపితే, హారం దాని కిందనే ఉంది.

ఈ హదీసును మనం తయమ్ముమ్ గురించి చెప్పేటప్పుడు గుర్తు చేసుకుంటాము. అది సముచితమే. అయితే నేడు నేను మీ దృష్టిని దాని మొదటి భాగంవైపు మళ్ళించదలచాను. ఒక స్త్రీ ఎరవు తెచ్చుకున్న హారం కోసం ఒక బిడారమంతా ఆగిపోయింది. ‘ఇంత చిన్న వస్తువు కోసమా’ అన్న మాట జనం నోట వచ్చినదే గాని, ప్రవక్త (స) నోట రాలేదు.

ఇది నాకు ఎందుకు జ్ఞాపకం వచ్చిందో చెబుతాను. కొన్నేళ్ళు కెనడాలో ఉద్యోగం చేసి ఇటీవల స్వస్థలానికి తిరిగి వచ్చిన ఒక యువకుడు మన జమాఅతులో ఉన్నాడు. వస్తూ వస్తూ ఒక మెటల్ డిటెక్టరును వెంట తెచ్చుకున్నాడు. ఆదివారాలు బాపట్ల దగ్గరి సూర్యలంక తీరానికి వెళ్ళి, జనం పలచబడ్డాక ఇసుకపై దాన్ని ఆడిస్తూ నడుస్తాడు. ఒకనాడు అస్ర్ నమాజు తరువాత నా వద్దకు వచ్చి, ‘ఇమామ్ సాబ్! యంత్రం నాది, ఎండలో శ్రమ నాది. ఇసుకలో దొరికింది కూడా నాదేనా?’ అని అడిగాడు. నేను వెంటనే జవాబు చెప్పలేదు. ముందుగా ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పు బేటా అన్నాను.

అతడు చెప్పినది క్లుప్తంగా ఇది. కర్ర చివర ఉండే పళ్ళెం వంటి భాగంలో రాగితీగ చుట్టలు ఉంటాయి. ఒక చుట్టలో విద్యుత్తు దిశ మార్చుకుంటూ ప్రవహించి, నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. కింద లోహం ఉంటే అందులో చిన్న చిన్న విద్యుత్ సుడులు పుట్టి, అవి తమ సొంత క్షేత్రాన్ని పైకి పంపుతాయి. రెండవ చుట్ట దానిని పసిగడుతుంది. చెవిలో గంట మ్రోగుతుంది. కాని ఏ లోహమో యంత్రం రూఢిగా చెప్పలేదు. సన్నని బంగారు ఉంగరమూ, అల్యూమినియం రేకు ముక్కా దాదాపు ఒకే స్వరం పలుకుతాయి. అందుచేత ఒక ఉంగరం కావాలంటే ఎన్నో సీసా మూతలను, మందుబిళ్ళల రేకులను తవ్వి తీయవలసిందే. తడిసిన ఉప్పు ఇసుక కొన్ని యంత్రాలను మోసగిస్తుంది కూడా. బంగారం నీటికంటే సుమారు 19 రెట్లు బరువైనది, కనుక అల తాకిడికి ఇసుకలో త్వరగా దిగిపోతుంది. చల్లని నీటిలో వేళ్ళు కుంచించుకుపోతాయి. అలలో ఆడుకుంటుండగా ఉంగరం జారిన సంగతి ఇంటికి వెళ్ళేదాకా తెలియదు.

ఇటువంటి సాధనాన్ని ప్రసిద్ధికెక్కించిన తొలి సంఘటనలలో ఒకటి నిధుల వేట కాదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌పై కాల్పులు జరిగినప్పుడు, ఆయన దేహంలో చిక్కిన గుండును కనుగొనడానికి టెలిఫోను సృష్టికర్త అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఈ సూత్రంపైనే పనిచేసే పరికరంతో ప్రయత్నించాడు. పరుపులోని ఉక్కు స్ప్రింగులు కూడా అడ్డుపడ్డాయి, గుండు దొరకలేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో ఈ విద్యే మందుపాతరలను వెదకి ప్రాణాలు కాపాడింది.

కెనడాలో ఆ యువకుడు ఈ పనిని ఒక వృద్ధుని వద్ద నేర్చుకున్నాడట. అక్కడ, అమెరికాలో, బ్రిటన్‌లో ఇటువంటి అభిరుచి గలవారు ఎందరో ఉన్నారు. పెళ్ళి ఉంగరం పోగొట్టుకున్నవారు పిలిస్తే వెళతారు. ఎప్పుడు పోయింది, ఎక్కడ నిలబడ్డారు, చేయి ఎటు విసిరారు, అప్పుడు అల ఎంత దూరం వచ్చింది అని ఓపికగా అడుగుతారు. తాళ్ళు కట్టి ఇసుకను గళ్ళుగా విభజిస్తారు. ఒక్కొక్క గడినీ నిలువునా, అడ్డంగా వెదుకుతారు. కొందరు రుసుము తీసుకుంటారు. కొందరు మీకు తోచింది ఇవ్వండి అంటారు. మరికొందరు ఏమీ తీసుకోరు. ఈ మాటలు వింటున్నప్పుడు, పోయిన సొమ్మును యజమానికి చేర్చే విషయమై ఇంత సవివరమైన ధర్మశాస్త్రాన్ని వారసత్వంగా పొందిన మనం ఎక్కడ ఉన్నామా అని నాకు కొంత సిగ్గు కలిగిన మాట దాచను.

ఇక అతని ప్రశ్నకు వద్దాము. దొరికిన పరుల వస్తువును షరీఅత్ పరిభాషలో ‘లుఖతా’ అంటారు. హజ్రత్ జైద్ బిన్ ఖాలిద్ (రజి) ఉల్లేఖించిన ప్రకారం, దీనిని గూర్చి ప్రశ్నించిన వ్యక్తికి దైవప్రవక్త (స), దాని సంచినీ, సంచి మూతికి కట్టిన తాడునూ బాగా గుర్తుంచుకొని, ఒక సంవత్సరం పాటు ప్రకటించమని బోధించారు. హజ్రత్ ఉబై బిన్ కఅబ్ (రజి)కు 100 దీనార్ల సంచి దొరికినప్పుడూ ఇదే ఆదేశం. హజ్రత్ ఇయాజ్ బిన్ హిమార్ (రజి) ఉల్లేఖనంలో, న్యాయవర్తనుణ్ణి సాక్షిగా పెట్టుకోమనీ, వస్తువును దాచవద్దనీ ఉన్నది. మనకు దొరికిందని ఇతరులకు తెలిశాక షైతానుకు పని తగ్గుతుంది.

సంచినీ తాడునూ గుర్తుంచుకోమనడంలోని వివేకాన్ని చూడండి. వస్తువు దొరికిందని లోకానికి చెప్పాలి, ఆనవాళ్ళు మాత్రం మన వద్దే ఉంచుకోవాలి. నేడు మనవారు చేస్తున్నదేమిటి? ఉంగరం దొరికితే వెంటనే ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులన్నింటిలో పెడుతున్నారు. ఇక ఆ ఉంగరం నాదేనని ఎవరైనా చెప్పవచ్చు! ‘ఫలానా తీరంలో ఫలానా రోజు ఒక ఉంగరం దొరికింది’ అన్నంతవరకే చెప్పి, రాయి రంగు, లోపల చెక్కిన అక్షరాలు, అరిగిన చోటు వచ్చినవారినే చెప్పనివ్వాలి. మన దేశంలో 2021 జూలై నుండి హాల్‌మార్కు నగలపై ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ సంకేతం ముద్రిస్తున్నారు. బీఐఎస్ కేర్ యాప్‌లో దానిని చూస్తే హాల్‌మార్కు వేయించిన వర్తకుని వివరం తెలుస్తుంది. యజమాని పేరు అందులో ఉండదు గాని, వెదికే దారి ఒకటి దొరుకుతుంది. పోలీసు స్టేషనులో కూడా తెలియజేయాలి.

ప్రసంగవశాత్తు మరొక మాట. పోయిన వస్తువు కోసం మస్జిదులో కేకలు వేయడాన్ని దైవప్రవక్త (స) వారించారు, మస్జిదులు అందుకు నిర్మింపబడలేదన్నారు. నమాజు ముగియగానే మైకు అందుకొని తాళంచెవుల గురించి ప్రకటించేవారు ఇది గమనించాలి. ధర్మవేత్తలు మస్జిదు ద్వారం బయట, బజారులో, జనం గుమిగూడే చోట ప్రకటించమన్నారు. మన గేటు వెలుపల గోడకు ఒక పలక ఏర్పాటు చేయించమని కమిటీ పెద్దలను కోరుతున్నాను.

ఏడాది తరువాత? హనఫీ ధర్మవేత్తల దృష్టిలో దొరికినవాడు కలిగినవాడైతే యజమాని పేరున దానం చేయాలి, పేదవాడైతే తాను వాడుకోవచ్చు. ఆ తరువాత యజమాని వస్తే, దానపు పుణ్యంతో తృప్తిపడటమో, విలువను వసూలు చేసుకోవడమో అతని ఇష్టం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 71వ సెక్షను కూడా దొరికిన వస్తువును దగ్గర ఉంచుకున్నవానిపై కాపలాదారుని బాధ్యతనే మోపింది. భూమిలో దాగిన పాత నిధి సంగతి వేరు. 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి ఏదైనా కలెక్టరుకు తెలపవలసిందే. పాత కోటల చుట్టూ, సమాధుల చుట్టూ ఈ యంత్రంతో తిరిగే ఆలోచన ఎవరికైనా ఉంటే దాన్ని ఇక్కడే వదిలి వెళ్ళండి.

నేను ఆ యువకునితో అన్నదిదే. దారిన పోయేవానికి అనుకోకుండా ఉంగరం దొరుకుతుంది, అతడు అప్పుడు ఆలోచించుకుంటాడు. నీవు వెదకడానికే బయలుదేరుతున్నావు. కనుక నీ సంకల్పం గంట మ్రోగక ముందే స్థిరపడాలి. యజమానికి చేర్చాలన్న సంకల్పంతో ఎత్తిన వస్తువు నీ చేతిలో అమానతు. నాకోసమని ఎత్తినది మాత్రం కబళించిన సొమ్ము. నీ నిప్పును నీవే తవ్వుకున్నట్లు.

అయితే కూలి తీసుకోకూడదా అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. పెట్రోలు ఊరకే రాదు కదా! యూసుఫ్ (అలైహిస్సలాం) గాథలో రాజుగారి కొలపాత్రను తెచ్చినవారికి ఒంటె మోయగలిగినంత ధాన్యం ఇస్తామన్న ప్రకటన ఉన్నది. మాలికీ, షాఫయీ, హంబలీ ధర్మవేత్తలు దీని ఆధారంగా, వస్తువును వెదకి తెచ్చినవారికి ముందుగా ప్రకటించిన బహుమానం ధర్మసమ్మతమన్నారు. హనఫీలు ఫలితం మీద ఆధారపడిన ఇటువంటి ఒప్పందాన్ని సాధారణంగా అంగీకరించరు. ఇన్ని గంటలు వెదుకుతాను, ఇంత ఇవ్వండి అని మాట్లాడుకోవడం అందరి దృష్టిలోనూ నిరాక్షేపణీయం. ఏదైనా మాట ముందే జరగాలి. నల్లపూసల దండ పోయి ఏడుస్తున్న ఇల్లాలి ఎదుట వస్తువును గుప్పిట్లో పెట్టుకొని బేరమాడటం మాత్రం ఏ ధర్మంలోనూ లేదు.

సోదరులారా! నగ పోయినప్పుడు పోయేది నగ ఒక్కటే అయితే నేను ఇంతసేపు మాట్లాడేవాణ్ణి కాను. హజ్రత్ ఆయిషా (రజి) హారం మరొక ప్రయాణంలోనూ పోయింది. దానిని వెదుక్కుంటూ ఆమె వెనుకబడిపోవడం, కపటులు ఆమెపై అపనింద వేయడం, ఆమె నిర్దోషిత్వాన్ని అల్లాహ్ స్వయంగా ‘నూర్’ సూరాలో ప్రకటించడం మీకు తెలిసినదే. పోయిన వస్తువు చుట్టూ అనుమానం ఎంత త్వరగా పుట్టుకొస్తుందో ఆలోచించండి.

హజ్రత్ ఆయిషా (రజి)యే ఉల్లేఖించిన మరొక వృత్తాంతం బుఖారీలో ఉంది. ఒక అరబ్బు తెగలో బానిసత్వం నుండి విముక్తి పొందిన ఒక నల్లజాతి స్త్రీ ఉండేది. ఆ తెగ అమ్మాయి ఒకతె ఎర్రని తోలుతో చేసిన అలంకారపు పట్టీ ధరించి బయటికి వచ్చింది. అది ఎక్కడో పడింది. గద్ద దానిని మాంసపు ముక్క అనుకొని తన్నుకుపోయింది. వెదికారు, దొరకలేదు. అనుమానం ఎవరి మీదికి పోయింది? ఆ దిక్కులేని స్త్రీ మీదికి. ఆమెను నిలబెట్టి, సిగ్గు విడిచి, ఒళ్ళంతా సోదా చేశారు. ఆమె అలా నిలబడి ఉండగానే గద్ద తిరిగి వచ్చి పట్టీని వారి మధ్య జారవిడిచింది. మీరు నాపై మోపిన నింద ఇదే, నేను నిర్దోషిని, ఇదుగో చూడండి అని ఆమె అన్నది. ఆమె ఆ తెగను విడిచి మదీనాకు వచ్చి ఇస్లాం స్వీకరించింది. మస్జిదె నబవీలో ఆమెకొక చిన్న గుడారం ఉండేది. హజ్రత్ ఆయిషా (రజి) వద్దకు వచ్చి కూర్చున్నప్పుడల్లా ఆ పట్టీ నాటి సంగతే తలచుకొనేది. నగ ఆనాడే దొరికింది, గాయం మాత్రం ఎన్నడూ మానలేదు.

పోయిన నెల మన ఊరి ఒక ఇంట్లో వలీమా విందు జరిగింది. మరునాటికి ఇంటి పెద్దకోడలి ఉంగరం కనబడలేదు. గిన్నెలు తోమడానికి వచ్చిన స్త్రీని నలుగురూ నాలుగు మాటలన్నారు. పోలీసుల దాకా పోలేదు గాని, పనిలోనుండి తీసివేశారు. పది రోజుల తరువాత ఎవరో చెబితే మన యువకుణ్ణి పిలిచారు. అతడు ఇల్లంతా గాలించలేదు. ఆ రాత్రి చేతులు ఎక్కడ కడిగారు, నీరు ఎటు పారింది అని మాత్రమే అడిగాడు. పెరటిలో అరటి పాదు దగ్గర, సబ్బు నురగ ఎండిన మట్టిలో, బెత్తెడు లోతున ఉంగరం దొరికింది. డబ్బులు ఇవ్వబోతే అతడు తీసుకోలేదు. ‘ఆమె ఇల్లు ఎక్కడ?’ అని అడిగాడట.

ఆ ఇంటి యజమాని నిన్న రాత్రి నాకు ఫోను చేశారు. ఆమె పుట్టింటికి వెళ్ళిపోయిందని, నలుగురి ముందూ అన్న మాటకు నలుగురి ముందే క్షమాపణ చెప్పాలని అనుకుంటున్నామని, మీరు కూడా వస్తే బాగుంటుందని అన్నారు. రేపు ఫజ్ర్ నమాజు కాగానే బయలుదేరుతున్నాము. ఆమెను నిందిస్తున్నప్పుడు అక్కడ ఉన్నవారు ఈ వరుసలలో ఎవరైనా ఉంటే, బండిలో చోటు ఉంది.

ఇంతటితో ముగిస్తూ, నా కొరకూ మీ అందరి కొరకూ అల్లాహ్‌ను క్షమాభిక్ష వేడుకుంటున్నాను.