వాద్యమునకు మాట నేర్పుట

పాట నడుమ గాయకుడు ఊపిరి తీసికొనును. నాలుగు ఆవర్తములు వాద్యగానికి వదలివేయును. ఆ కొద్ది క్షణములలో ఏమి వాయింపవలెను? వావా పెడలుతో క్లావినెట్ వాయించువారికి ఈ ప్రశ్న మరింత కఠినము.

క్లావినెట్ జర్మనీలోని హోనర్ సంస్థవారి వాద్యము. ఎర్న్‌స్ట్ జకారియాస్ దానిని రూపొందించెను. దానికి 60 మెట్లు కలవు. మెట్టును నొక్కగానే రబ్బరు మొన తంత్రిని లోహపు దిమ్మెకు అదుమును. ఆ కంపనము విద్యుత్తుగా మారి స్పీకరునుండి వెలువడును. 1980ల తొలినాళ్లలో దాని తయారీ నిలిచిపోయినది. నేడు మన వేదికలపై డిజిటల్ కీబోర్డులే ఆ గొంతును అనుకరించుచున్నవి. 1967లో బజారునకు వచ్చిన వావా పెడలు శ్రుతిని వంచదు. కాలి కదలికనుబట్టి నాదపు అచ్చును మార్చును. 'ఊ' క్రమముగా 'ఆ' యగును. 1969లో ది బ్యాండ్ బృందమునకు చెందిన గార్త్ హడ్సన్ ఈ రెంటినీ జోడించి వాయింపగా, అది మన మోర్సింగును తలపించినది. అందులో వింత లేదు. మోర్సింగు నాలుక పలుకునది ఒకే శ్రుతి. నోటి ఆకృతి మారుటచేతనే అది మాటాడినట్లుండును.

మేమును తొలుత బిల్లీ ప్రెస్టన్, స్టీవీ వండర్ రికార్డులలోని పలుకులను కంఠస్థము చేసితిమి. కామారెడ్డి పెండ్లి పందిళ్లలో వానినే వాయించితిమి. వ్రేళ్లు పరుగెత్తినవి, సభ మాత్రము కదలలేదు. ఒకనాడు ఎల్లారెడ్డిలో కచేరి ముగిసినపిమ్మట, ఒగ్గుకథలో వంతగా నిలిచిన వృద్ధుడొకడు మాకడకు వచ్చి, "నీ పెట్టె ఉరుకుతున్నది గని ముచ్చట జెప్తలేదు బిడ్డా" అనెను. ఆ మాట మమ్ము నొప్పించినది. అయినను అది నిజము.

నాటినుండి ఒగ్గుకథను క్రొత్త చెవితో వినసాగితిమి. కథకుడు మల్లన్న కథను ఒక వాక్యము నడిపి ఆగును. వంత ఆ కొసను అందుకొని, ఒక్క పలుకుతో బదులిచ్చి తప్పుకొనును. డోలు మిగిలిన ఖాళీని నింపును. ఎవ్వరును తమ విద్యను ప్రదర్శింపరు. అందరును కథనే ముందుకు నడిపింతురు.

మెట్ల వాద్యముపై నింద క్రొత్తది కాదు. గమకము పలుకదను కారణమున అఖిల భారత రేడియో 1940లో హార్మోనియమును నిషేధించినది; 1971లో గాని ఆ కట్టడి సడలలేదు. కాని మన చిందు యక్షగానములలో అదే హార్మోనియము పాత్రధారి మాట కొసను పట్టుకొని రక్తి కట్టించినది. మెట్టు వంగకున్నను మాట వినగలదని అది నిరూపించినది.

ఇప్పుడు మా సాధన ఇట్లున్నది. గాయకుని చివరి పలుకును మొదట నోట అనుకొందుము. దాని బదులును గూడ నోటనే పలికి చూతుము. పిమ్మట వ్రేళ్లు హల్లులను, పాదము అచ్చులను పంచుకొనును. మొదటి ఆవర్తమున రెండు మూడు పలుకులే; తరువాత మౌనము. డోలకు ఆ మౌనమునకు ఏమి బదులిచ్చునో విని ముందునకు సాగుదుము. ఒక్కొక్క రాత్రి బదులు దొరకదు. అప్పుడు ఊరకుండుటయే మేలు.

స్ఫూర్తి కొరకు దూరపు రికార్డులను వినవలసినదే. వానివలన వాద్యపు శక్తి తెలియును. కాని ఏమి పలుకవలెనో చెప్పునది ఎదుట కూర్చున్న ఊరి నోరు. ఆ నోటి యాసను వినని వాద్యము ఎంత పరుగెత్తినను ముచ్చట చెప్పజాలదు.